ఇల్లు అమ్మకానికి మధ్యవర్తి కావాలా?

ఇల్లు అమ్మాలనుకున్న కుటుంబం ముందు మూడు పనులుంటాయి. కొనేవాళ్లను వెతకడం ఒకటి, ధర తేల్చుకోవడం రెండోది, కాగితాలు సరిచూసుకుని వ్యవహారాన్ని రిజిస్ట్రేషన్ దాకా నడిపించడం మూడోది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో బ్రోకర్ చెవిన ఒక మాట వేస్తే ఈ మూడూ అతనే చూసుకుంటాడన్న నమ్మకం బలంగా ఉంది. అతను బాగా చేయగలిగింది మొదటి పని. రెండో పనిలో అతని లాభమూ అమ్మేవారి లాభమూ ఒక్కటి కావు. మూడోది ఎంత మంచి బ్రోకరైనా యజమాని బదులు చేయలేడు. మధ్యవర్తిని పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఈ తేడా తెలిశాక తీసుకోవలసింది.

ఈ ప్రాంతంలో బ్రోకర్ అంటే బోర్డు కట్టిన ఆఫీసు ఉన్నవాడే కానక్కరలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చునే దస్తావేజు లేఖరి కావచ్చు, రిటైరైన ఉద్యోగి కావచ్చు, ఇళ్లు కట్టించే మేస్త్రీ కావచ్చు, వీధి చివర కొట్టు నడిపే ఆసామి కావచ్చు. చాలామందికి ఇది రెండో వ్యాపకం. కమీషన్ సాధారణంగా ఒక శాతం, కొన్నిచోట్ల రెండు శాతం. అమ్మేవారి దగ్గరా కొనేవారి దగ్గరా, రెండు వైపులా తీసుకోవడం వాడుక. పాత ఇళ్ల క్రయవిక్రయాల్లో ఈ రేటును ఏ చట్టమూ నిర్ణయించలేదు. ముందు ఎంత మాట్లాడుకుంటే అంతే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఒక ఏజెంటుకు ఇల్లు అప్పగిస్తే దాని వివరాలు ఉమ్మడి జాబితాలో చేరతాయి, ఆ ప్రాంతంలోని ఏజెంట్లందరికీ కనిపిస్తాయి. ఐదారు శాతం కమీషన్‌ను, అందులో కొనేవారి ఏజెంటు వాటాతో సహా, అమ్మేవారే భరించడం అక్కడ దశాబ్దాలుగా ఆనవాయితీ. దాని మీద కోర్టుల్లో దావాలు నడిచి, చివరకు 2024 మార్చిలో అక్కడి జాతీయ రియల్టర్ల సంఘం 41.8 కోట్ల డాలర్లు చెల్లించే రాజీకి వచ్చింది. మన పట్టణాల్లో అలాంటి ఉమ్మడి జాబితా లేనే లేదు. బ్రోకర్ ఫోన్‌లో ఎంతమంది నంబర్లున్నాయో, అతను ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాడో, అతని పరిధి అంతే. అందువల్ల ఇక్కడ బ్రోకర్‌ను పెట్టుకోవడమంటే అతని పరిచయాలకు వెల కట్టడమే. ఆ పరిచయాలు అమ్మేవారికి లేనివైతే కమీషన్ దండగ కాదు. ఇద్దరికీ తెలిసినవాళ్లు ఒకరే అయితే దండగే.

కొనేవాళ్లు పక్కనే ఉన్నప్పుడు

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్లు వరుసగా, ఒకదాన్ని ఒకటి అంటుకుని, ఉమ్మడి గోడలతో సాగిపోతాయి. వీధి వైపు వెడల్పు తక్కువ, వెనక్కి పొడవు ఎక్కువ. పట్టణాల్లోని పాత వీధుల్లోనూ ఈ తీరు కనిపిస్తుంది. ఇలాంటి ఇంటికి బయటివాడు ఇచ్చే ధర కన్నా పక్కింటివాడు ఇవ్వగలిగే ధరే ఎక్కువ. అతనికి అది రెండు ఇళ్లను కలిపి ఒక వెడల్పాటి ఇల్లు కట్టుకునే అవకాశం. బయటివాడికి మాత్రం ఇరుకు స్థలం, ఉమ్మడి గోడ తగువు. అందుకే వరుస ఇల్లు అమ్మేవారు ముందుగా రెండు పక్కలవాళ్లనూ, వెనక హద్దువాళ్లనూ అడగాలి. ఇందులో మర్యాదతోపాటు లాభమూ ఉంది. పక్కవాళ్లను అడగకుండా బ్రోకర్‌కు చెబితే, అతను కూడా మొదట తలుపు తట్టేది ఆ పక్కింటిదే. అప్పుడు గోడ అవతలి మనిషిని చూపించినందుకు కమీషన్ ఇవ్వాల్సి వస్తుంది.

ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రైల్వేవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లోనూ ఇంతే. విజయనగరం కంటోన్మెంట్ వైపైనా, శ్రీకాకుళం బలగ వైపైనా ఒక ఇల్లు అమ్మకానికి ఉందన్న మాట స్టాఫ్‌రూముల్లో, ఉద్యోగ సంఘాల గ్రూపుల్లో వేగంగా పాకుతుంది. గేటుకు బోర్డు తగిలించి, తెలిసినవాళ్లందరికీ చెప్పి, ఒక నెల రోజులు ఆగి చూడటం వల్ల పోయేదేమీ లేదు. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల నుంచి, గల్ఫ్ నుంచి వలస వెళ్లినవాళ్లు సొంతూళ్లకు వస్తారు. ఊళ్లో ఇల్లు కొనాలన్న ఆలోచన చాలామందికి అప్పుడే తడుతుంది. అమ్మేవారు ఈ కాలాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆషాఢం, మూఢం వస్తే బేరం కుదిరినా చాలామంది రిజిస్ట్రేషన్‌ను వాయిదా వేస్తారు. ఆ ఆలస్యాన్ని కొనేవారి వెనకడుగుగా భావించి ధర తగ్గించనక్కరలేదు.

తెలిసినవాళ్లకు అమ్మడంలో ఒక చిక్కుంది. మొహమాటం. బావమరిదితో బేరమాడలేక రెండు లక్షలు వదులుకున్నవాళ్లు, స్నేహితుణ్ని మిగతా డబ్బు అడగలేక ఏడాది తిరిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మధ్యలో ఒక మనిషి ఉంటే అమ్మేవారు నోటితో అనలేని ‘కాదు’ను అతను అంటాడు. ఇది బ్రోకర్ చేసే అసలైన మేలు. అయితే దీనికి శాతాల లెక్కన కమీషన్ ఇవ్వాలా, ఇరువైపులా మాట చెల్లే ఒక పెద్దమనిషి చాలా అన్నది ఆలోచించాలి. చుట్టరికం ఉన్నా, స్నేహం ఉన్నా అగ్రిమెంటు మాత్రం కాగితం మీద ఉండాల్సిందే.

మధ్యవర్తి నిజంగా కావలసినవాళ్లు

శ్రీకాకుళం జిల్లా వలసలకు పేరుపడింది. తల్లిదండ్రులు పోయాక పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడితే, ఊళ్లోని ఇంటికి తాళం పడుతుంది. అలాంటి ఇల్లు అమ్మడానికి ప్రతి ‘పార్టీ’ వచ్చినప్పుడూ సెలవు పెట్టి ఊరికి రావడం ఎవరివల్లా కాదు. ఇల్లు ఊడ్పించి, తాళం తీసి చూపించి, నిజంగా కొనేవాణ్ని వట్టినే చూసిపోయేవాణ్ని వేరు చేసి చెప్పే మనిషి స్థానికంగా ఉండాలి. దగ్గరి చుట్టం ఆ పని చేయగలిగితే మంచిదే, లేకపోతే బ్రోకర్ తప్పదు. అతనికిచ్చే కమీషన్ రైలు టికెట్లకూ సెలవులకూ అయ్యే ఖర్చుతో పోలిస్తే ఎక్కువ కాదు.

ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు, ముఖ్యంగా స్త్రీలకు, ముక్కూమొహం తెలియనివాళ్లను ఇంట్లోకి రానిచ్చి గదులన్నీ చూపించడం క్షేమం కాదు. వాళ్లకూ నమ్మకమైన మధ్యవర్తి అవసరమే. అపార్ట్‌మెంట్ ఫ్లాట్లదీ కొంతవరకు ఇదే పరిస్థితి. ఫ్లాటును పక్కింటివాడు కొని కలుపుకునేది ఉండదు. కొనేవాడు ఊరి బయటినుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి కావచ్చు, అలాంటివాళ్లు మొదట అడిగేది బ్రోకర్లనే.

ఇక భోగాపురం, మూలపేట వైపు సంగతి పూర్తిగా వేరు. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టూ, అదే ఏడాది ఏప్రిల్‌లో పనులు మొదలైన మూలపేట ఓడరేవు చుట్టూ కొనేవాళ్లలో చాలామంది స్థానికులు కారు. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, విదేశాల నుంచి వచ్చే పెట్టుబడిదారులను ఊళ్లోని యజమాని తనంతట తాను చేరుకోలేడు. అక్కడ బ్రోకర్ లేనిదే బేరం నడవడం కష్టం. మోసం ఎక్కువగా జరిగేదీ అలాంటి చోటే. ధరలు నెలనెలా మారే ప్రాంతంలో ఇల్లు గానీ స్థలం గానీ అమ్మేవారు, బ్రోకర్ తెచ్చిన మొదటి ధరకు ఒప్పుకోకుండా వేరే ఇద్దరిని విడిగా అడిగి చూడాలి.

ధర చెప్పవలసింది యజమానే

ఎంతకు అమ్మాలో బ్రోకర్‌నే అడిగి నిర్ణయించుకోవడం చాలా ఇళ్లలో మామూలు. దీనిలోని ఇబ్బంది లెక్క వేస్తే తేలుతుంది. 50 లక్షల ఇంటిమీద 2 శాతం కమీషన్ అంటే లక్ష రూపాయలు. మరో నెల తిరిగి, ఇంకో నలుగురికి చూపించి బ్రోకర్ 52 లక్షలు రాబడితే యజమానికి 2 లక్షలు పెరుగుతాయి, బ్రోకర్‌కు పెరిగేది 4 వేలే. ఆ 4 వేల కోసం నెల రోజులు తిరగడం కన్నా ఈ బేరం ముగించి మరో ఇంటి వెంట పడటం అతనికి లాభం. పైగా కొనేవారి వైపు కమీషన్ కూడా అతనిదే కాబట్టి బేరం తెగిపోవడం అతనికి రెండు వైపులా నష్టం. ‘ఇంతకన్నా రాదు మేస్టారూ, పార్టీ రెడీగా ఉంది, రేపే బయానా’ అన్న మాట వినిపించినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. బ్రోకర్ చెడ్డవాడు కానక్కరలేదు. కమీషన్ కట్టిన తీరే అతన్ని అలా నడిపిస్తుంది.

ఇది వట్టి అనుమానం కాదు. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ షికాగో ప్రాంతంలో అమ్ముడైన దాదాపు లక్ష ఇళ్ల వివరాలు పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్ల కన్నా సుమారు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. తమ ఇళ్లను సుమారు 9.5 రోజులు ఎక్కువకాలం అమ్మకానికి ఉంచారు కూడా. అంటే ఆగితే ఎక్కువ వస్తుందని వాళ్లకు తెలుసు, తమ ఇంటికైతే ఆగారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరం మీద 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, ఏజెంట్ల ఉమ్మడి జాబితాకెక్కకుండా యజమానులు తామే అమ్ముకున్న ఇళ్లకు ధరేమీ తగ్గలేదని తేలింది. అమ్ముడవడానికి మాత్రం ఎక్కువ సమయం పట్టింది. అక్కడి మార్కెట్ వేరు, ఇక్కడిది వేరు. ఆ మాట నిజమే గానీ బ్రోకర్ కొనిచ్చేది ప్రధానంగా సమయాన్ని, ధరను కాదు అన్న మాట ఇక్కడికీ చాలావరకు వర్తిస్తుంది. తొందర లేని యజమాని సొంతంగా ప్రయత్నించవచ్చు. పెళ్లికో, వైద్యానికో, అప్పు తీర్చడానికో గడువు ముంచుకొచ్చినవాళ్లకు బ్రోకర్ సాయం విలువైనది.

ధర తేల్చుకోవడానికి యజమాని చేతిలో మూడు దారులున్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వీధి, డోర్ నంబర్ల వారీగా ప్రభుత్వ విలువ కనిపిస్తుంది. అది అసలు ధర కాదు, అంతకన్నా దిగి అమ్మకూడదన్న ఒక గుర్తు మాత్రమే. చుట్టుపక్కల ఇళ్ల ఈసీలు (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) తీస్తే ఇటీవల ఎవరు ఎంతకు రిజిస్టర్ చేసుకున్నారో కనిపిస్తుంది. దస్తావేజులో రాసే మొత్తం అసలు ధర కన్నా తక్కువ ఉండటం మామూలు కాబట్టి దాన్ని కింది హద్దుగానే తీసుకోవాలి. మూడోది, బ్యాంకుల జాబితాలో ఉన్న వాల్యూయర్‌తో లెక్క కట్టించుకోవడం. దానికి కొన్ని వేలు ఖర్చయినా, బేరంలో కూర్చున్నప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది. పాత ఇండిపెండెంట్ ఇంటి విషయంలో ధరలో అధిక భాగం స్థలానిదే. నలభై ఏళ్ల నాటి శ్లాబుకు కొనేవారు పెద్దగా విలువ ఇవ్వరు, కూల్చి కట్టుకుంటారు. కాబట్టి సెంటుకు 48.4 గజాలన్న లెక్కతో స్థలం సరిగ్గా కొలిపించి, గజం ధర మీద మాట్లాడటమే న్యాయం. దస్తావేజులో 200 గజాలుండి కొలతలో 190 తేలే ఇళ్లు తక్కువేమీ లేవు. అది బేరం మధ్యలో బయటపడటం కన్నా ముందే తెలియడం మేలు.

‘నాకు ఇంత వస్తే చాలు, పైన వచ్చింది నువ్వు ఉంచుకో’ అని బ్రోకర్‌తో మాట్లాడుకోవడం ఈ వైపు బాగా వ్యాపించిన అలవాటు. కమీషన్ ఇవ్వనక్కర లేదన్న సంతోషంలో అమ్మేవారు దీనికి ఒప్పుకుంటారు. వాస్తవంలో ఇది అన్నిటికన్నా ఖరీదైన ఒప్పందం. ఇల్లు ఎంతకు పోయిందో యజమానికి తెలియదు, తాను ఎవరితో బేరమాడుతున్నాడో కొనేవాడికి తెలియదు. ఇద్దర్నీ కలవనివ్వకుండా ఉంచడమే బ్రోకర్ పని అయిపోతుంది. ఈ మాటకు ఒప్పుకోకూడదు. ధర ఎంతైనా అది ఇరువైపులా కూర్చున్న ‘సిట్టింగ్’లోనే తేలాలి.

చట్టం ఏం చెబుతోంది

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అని పిలిచేది, ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలని చెప్పింది. రిజిస్ట్రేషన్ లేకుండా వ్యవహారం నడిపితే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. చాలామంది గమనించనిది ఏమిటంటే, ఈ నియమం రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లకు, ఫ్లాట్లకు, భవనాలకే పరిమితం. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన స్థలంలోనో, 8కి మించిన ఫ్లాట్లతోనో కట్టే ప్రాజెక్టులు అందులో నమోదు కావాలి. తాత కట్టిన పెంకుటిల్లు, పాతికేళ్ల కిందటి మేడ ఈ పరిధిలోకి రావు. అలాంటి ఇంటి అమ్మకంలో బ్రోకర్ మోసం చేశాడని రెరాకు వెళ్లినా ఫలితం ఉండకపోవచ్చు. అయినా రెరా నంబరున్న ఏజెంటు, లేనివాడి కన్నా మెరుగైన ఎంపికే. కనీసం పేరు, చిరునామా, పాన్ నంబరు ఒక అధికారిక రికార్డులో ఉంటాయి.

పాత ఇంటి యజమానికి ఆసరాగా నిలిచేది మరింత పాత చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఏజెన్సీ అధ్యాయంలో దానికి సంబంధించిన నియమాలున్నాయి. యజమానికి తెలియకుండా ఏజెంటు ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకుంటే ఆ లాభాన్ని యజమాని అడిగి తీసుకోవచ్చు. వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం దక్కుతుంది. నమ్మకద్రోహం చేసిన ఏజెంటుకు ఆ పని మీద ప్రతిఫలం అడిగే హక్కే లేదు. బయానా రోజునే సగం కమీషన్ అడిగే బ్రోకర్‌కు మర్యాదగా చెప్పగల సమాధానం ఈ చట్టంలోనే ఉంది.

ఈ హక్కులు కోర్టులో నిలవాలంటే కాగితం కావాలి. మన దగ్గర బ్రోకర్‌తో రాతకోతలు పెట్టుకోవడం అరుదు. అడిగితే ‘నమ్మకం లేదా’ అంటారని యజమానులు వెనకాడతారు. ఒక పేజీ చాలు. కమీషన్ ఎంత శాతం, దాన్ని ఎప్పుడు చెల్లిస్తారు, కనీస ధర ఎంత, ఎన్నాళ్ల గడువు, యజమాని స్వయంగా తెచ్చుకున్న కొనుగోలుదారుకు కమీషన్ వర్తించదు అన్న విషయాలు అందులో ఉండాలి. బ్రోకరో, అతని బంధువులో కొనదలిస్తే ముందుగా చెప్పాలన్న షరతూ ఉండాలి. గడువు రెండు మూడు నెలలకు మించకపోవడం మంచిది. ఒకేసారి ఐదారుగురికి చెప్పడం తెలివైన పనిగా అనిపిస్తుంది గానీ ఒకే ఇల్లు ఐదు ధరలతో ఊళ్లో తిరగడం మొదలైతే కొనేవాళ్లకు దాని మీద అనుమానం వస్తుంది. ఒకరు, మహా అయితే ఇద్దరు చాలు.

కాగితాల బాధ్యత

బ్రోకర్ ‘క్లియర్ టైటిల్’ అన్నంత మాత్రాన టైటిల్ క్లియర్ కాదు. ఆస్తిలో గానీ హక్కులో గానీ మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని లోపముంటే దాన్ని తెలియజేయవలసిన బాధ్యత 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అమ్మేవారిదే. కాబట్టి బ్రోకర్‌ను పిలవడానికి ముందే కాగితాలు ఒక న్యాయవాదికి చూపించుకోవాలి. ఆ ఫీజు కమీషన్‌లో చిన్న భాగం. బేరం చెడిపోకుండా కాపాడేది మాత్రం కమీషన్ కన్నా అదే.

విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల కింద ఉన్న ప్రాంతం ఇది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ గ్రామాలు ప్రభుత్వ స్వాధీనమయ్యాక జరిగిన సెటిల్‌మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ ఇప్పటికీ ఇక్కడి భూముల మూల రికార్డు. అందులో ఇనాముగానో, దేవస్థానం భూమిగానో, ప్రభుత్వ భూమిగానో నమోదై ఉన్న స్థలంలో ఇల్లుంటే, మూడు తరాలుగా కాపురమున్నా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోవచ్చు. నిషేధిత జాబితా, అంటే 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో ముందే చూసుకోవాలి. గ్రామకంఠంలోని ఇళ్లకు చాలావరకు పట్టా ఉండదు. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, వారసత్వ పత్రాలు, పంచాయతీ ధ్రువపత్రాలే ఆధారం. బ్యాంకు రుణంతో కొనేవారికి అవి చాలకపోతే కొనేవాళ్ల సంఖ్యే తగ్గిపోతుంది. ఆ మాట ధర నిర్ణయంలోనూ లెక్కలోకి రావాలి. అసైన్డ్ భూములకు 1977 చట్టం, ప్రభుత్వమిచ్చిన ఇళ్ల పట్టాలకు వాటి షరతులు అడ్డొస్తాయి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వంటి చోట్ల షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఇంటిని గిరిజనేతరులకు అమ్మడం 1/70 నిబంధన ప్రకారం చెల్లదు. అక్కడ ‘ఏదో ఒకటి చేసి రాయించేద్దాం’ అనే బ్రోకర్‌ను దగ్గరికి రానీయకూడదు.

వారసత్వపు ఇళ్ల బేరాలు ఎక్కువగా చెడిపోయేది ఆడపడుచుల సంతకాల దగ్గర. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంతోనే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1986లో, కూతుళ్లందరికీ కేంద్రం 2005లో హక్కు ఇచ్చాయి. ‘అక్క ఏమీ అనదులే’ అనుకుని బయానా పుచ్చుకుని, తర్వాత ఆమె అత్తవారింటికి పరుగులు తీసేకన్నా ముందే కుటుంబమంతా ఒక చోట కూర్చోవడం, ఆమె వాటా ఎంతో తేల్చడం న్యాయం. చట్టమూ అదే చెబుతోంది.

ఇంటి మీద రుణముంటే బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాయించుకోవాలి. రుణం తీరాక 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగివ్వాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5 వేల రూపాయలు పరిహారం చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

దూరాన ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవలసి వస్తుంది. అది తోబుట్టువుకో, దగ్గరి బంధువుకో ఇవ్వాలి, బ్రోకర్‌కు మాత్రం ఎన్నడూ ఇవ్వకూడదు. విదేశంలో రాసినదైతే అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించుకుని, ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. విక్రయ దస్తావేజు లేకుండా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీదే చేసే అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. కాబట్టి చివరికి రిజిస్టర్డ్ విక్రయ దస్తావేజు తప్పదు. ఊళ్లోనే ఉన్నా కదలలేని వృద్ధుల విషయంలో తగిన కారణం చూపితే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి సంతకం తీసుకునే ఏర్పాటు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఈ సంగతి తెలియక అవస్థ పడుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

అగ్రిమెంటు ఎవరి పేరున రాస్తున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. విమానాశ్రయం, రహదారుల వల్ల ధరలు పెరిగిన చోట్ల కొందరు మధ్యవర్తులు చిన్న బయానా ఇచ్చి తమ పేరునో, ‘లేదా వారు సూచించిన వారికి’ అనో అగ్రిమెంటు రాయించుకుంటారు. గడువును ఆరు నెలలో ఏడాదో పెట్టి, ఆ లోపు ఎక్కువ ధరకు వేరేవారికి అమ్మి, రిజిస్ట్రేషన్ నేరుగా యజమాని చేత చేయిస్తారు. యజమాని చేతులు కట్టేసినట్లయి ఇల్లు మరొకరికి అమ్మలేడు, పెరిగిన ధరా అతనికి రాదు. అగ్రిమెంటును నిజంగా కొనేవారి పేరునే రాయాలి. గడువు మూడు నెలలకు మించకూడదు. బయానా పది శాతానికి తగ్గకుండా ఉంటే బేరం మీద కొనేవారికి శ్రద్ధ ఉంటుంది. గడువు దాటితే ఏమవుతుందో కూడా అందులో స్పష్టంగా రాయాలి.

డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. స్థిరాస్తి వ్యవహారంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆ జరిమానా పుచ్చుకున్నవారి మీదే, అంటే అమ్మేవారి మీదే. ‘కొంత వైట్, కొంత బ్లాక్’ అనే బ్రోకర్ ఈ మాట చెప్పడు. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి. అమ్మేవారు ప్రవాసులైతే 50 లక్షల లోపైనా పన్ను మినహాయింపు తప్పదు, రేటూ చాలా ఎక్కువ. తక్కువ మినహాయింపు కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. వేరే ఒప్పందం లేకపోతే ఇది కొనేవారి ఖర్చు.

రెండేళ్లకు పైగా చేతిలో ఉన్న ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికైతే ఇక్కడే నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం లెక్కనూ ఎంచుకోవచ్చు. రెండిట్లో ఏది తక్కువైతే అది. రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు మినహాయింపు ఉంది. అమ్మకం కోసం ఇచ్చిన కమీషన్‌ను కూడా లాభం లెక్కలోంచి తీసివేయవచ్చు. 12.5 శాతం లెక్కన లక్ష రూపాయల కమీషన్ మీద 12,500 పన్ను తగ్గుతుంది. అందుకు చెల్లింపు రుజువు కావాలి. బ్రోకర్ కావాలని నిర్ణయించుకున్నవారు కమీషన్‌ను రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజునే, బ్యాంకు ద్వారా చెల్లించి, అతని పేరు, పాన్ నంబరు ఉన్న రసీదును దస్తావేజు నకలుతో కలిపి భద్రపరచుకోండి.